కాశీ నుంచి గంటా పన్నెండు నిమిషాలు

ఆ గురువారం ఉదయానికి ఆకాష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా మాదాపూర్‌లో ఆఫీసు చేరాలి, మూడు రోజులుగా చేస్తున్న హైదరాబాద్-వారణాసి పేజీని చివరిసారి సరిచూసుకోవాలి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎవరికీ దొరక్కుండా ఓ పావుగంట కునుకు తీయాలి. బండి తాళం చేతిలోకి తీసుకున్నాడో లేదో, లోపలి గదిలో నాయనమ్మ బుచ్చమ్మ, కోడలు, అంటే ఆకాష్ తల్లి మమత ఇచ్చిన చాయ్ సగం తాగి, మిగతా సగం పక్కన పెట్టి కన్నుమూసింది. పదేళ్లుగా "ఇయ్యాల పోత, రేపు పోత" అని చెబుతూ వచ్చిన మనిషి కాబట్టి ఇంట్లో ఎవరూ వెంటనే నమ్మలేదు. చాయ్ చల్లారిపోయాక నమ్మారు.

వాళ్లది నల్లగండ్ల పాత ఊళ్లో ఇల్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, మధ్యాహ్నం రెండు దాటాక ఎండ కూడా ఆ అపార్ట్‌మెంట్లను అడిగి లోపలికి వచ్చే పరిస్థితి. ఆకాష్ పని చేసేది ఒక వెబ్‌సైటు కంపెనీలో. ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టినా మధ్య దూరం ఎంత, విమానానికి ఎంతసేపు పడుతుంది అన్నది ఆ వెబ్‌సైటు చెబుతుంది. లెక్క సులువే. మ్యాపు మీద గీత గీసినట్టు దూరం తీసి, దాన్ని విమానం వేగంతో భాగిస్తారు. క్యూలో నిలబడటం, ఎక్కడం, దిగడం, సామాను కోసం ఎదురుచూడటం లాంటి మనుషుల గొడవలు ఆ లెక్కలో ఉండవు. అలాంటి పేజీలు ఆకాష్ కొన్ని వేలు చూశాడు. విమానం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. అతని తండ్రి లింగమూర్తి మాత్రం "మా పోరడు విమానాల కంపెనీల చేస్తడు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆకాష్ ఆ మాటను ఎప్పుడూ సరిచేయలేదు. వినడానికి బాగుండేది.

బుచ్చమ్మ బతికుండగా మనవడి దగ్గర ఒకే ఒక మాట తీసుకుంది. "బిడ్డా, నా తల్లిగారి చీర లేకుండ నన్ను ఎత్తనియ్యకు. నా తమ్ముడు గప్పాలె." ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పిన తర్వాతే పాడె లేవాలన్నది వాళ్లలో ఆచారం. ఆ తమ్ముడు పోచయ్య. పరిగి దగ్గరి పల్లెటూరు. లింగమూర్తికి మేనమామ, మేనరికం కావడంతో పిల్లనిచ్చిన మామ కూడా. కొడుకులు లేరు కాబట్టి ఆ ఇంట్లో మిగిలిన మగవాడు ఆయనొక్కడే. కొన్నేళ్ల కిందట అక్కను చూద్దామని వచ్చి, అద్దాల బిల్డింగుల మధ్య దారి తప్పి ఒక పూటంతా తిరిగి, మళ్లీ ఈ ఊరికి రానని ఒట్టేసుకున్నాడు. ప్రస్తుతం ఊరివాళ్లతో కలిసి కాశీలో ఉన్నాడు.

లింగమూర్తి ఫోన్ స్పీకర్‌లో పెట్టి "మామా, అమ్మ పోయింది" అన్నాడు. అవతల చాలాసేపు ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత పోచయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేను రాకుండ ఎత్తొద్దు. నిన్ననే కాశీ చీర గొన్న అక్కకు. బతికుంటె గట్టుకుంటదనుకున్న."

"నువ్వు కాశీల ఉన్నవు. రైలుకు ఎంత లేదన్నా రోజున్నర. అందాక పెట్టుకుంటమా?" అని అడిగాడు రవీందర్. రవీందర్ లింగమూర్తి చిన్నాయన కొడుకు. పెళ్లయినా చావయినా పెత్తనం ఆయనదే, ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

మమత వంటింటి గడప దగ్గర నుంచి "మా నాయిన రాకపోతే ఏంది, నేను..." అని మొదలుపెట్టింది.

"వదినా, మనుషులొస్తుండ్రు, జర చాయ్ పెట్టు" అన్నాడు రవీందర్.

అప్పుడు ఆకాష్ నోరు దానంతటదే తెరుచుకుంది. మూడు రోజులుగా కళ్ల ముందు ఆడుతున్న పేజీ అది.

"విమానముంది కాకా. గంటా పన్నెండు నిమిషాలు."

రవీందర్ ఆకాష్‌ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"కాశీ నుంచా?"

"ఔ. వెయ్యి ఇరవై కిలోమీటర్లు. గంటా పన్నెండు."

"మా బిడ్డ కూకట్‌పల్లి నుంచి రావాల్నంటె గంటన్నర పడ్తది. కాశీనే దగ్గరున్నది గదరా!"

ఇక రవీందర్‌ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫోన్ అందుకుని ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "ఒంటిగంటకు ఎత్తుతున్నం. ఒంటిగంటంటె ఒంటిగంటనే. మనోడు విమానాల కంపెనీల ఉన్నడు." చుట్టాలు సెలవులు పెట్టారు, షాపులు మూశారు, బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసే ఇద్దరు షిఫ్టు మధ్యలో బయటపడ్డారు.

ఆకాష్ ఓ మూలకు పోయి టికెట్ బుక్ చేయబోయాడు. నేరుగా వచ్చే విమానం నిండిపోయింది. మిగిలింది బెంగళూరు మీదుగా వచ్చేది ఒక్కటే. మధ్యాహ్నం బెంగళూరులో దిగాలి, అక్కడ ఇంకో విమానం ఎక్కాలి, శంషాబాద్ చేరేసరికి నాలుగు దాటుతుంది. ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకే వేళ. పొద్దుగూకేలోపు వస్తాడు కాబట్టి ఫర్వాలేదని టికెట్ తీశాడు. ఆ సంగతి బయటికొచ్చి చెబుదామనే అనుకున్నాడు. కానీ వాకిట్లో అరవైమంది అతనివైపు చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని అంతమంది ఒక మనిషిగా గుర్తించడం అదే మొదలు. "అయిపోయింది, వస్తుండు" అన్నాడు.

పోచయ్యకు వివరంగా చెబుదామంటే ఫోన్ మళ్లీ రవీందర్ చేతిలో స్పీకర్ మీదుంది. బెంగళూరు అన్న మాట నోటివరకు వచ్చి ఆగిపోయింది.

"తాతా, దిగంగనే ఆడున్నోళ్లను అడుగు. ఎటు పోవాల్నో వాళ్లే జూపిస్తరు. నీకు చక్రాల కుర్చీ సుత చెప్పిన, దాంట్లనే కూసో."

"కుర్చీ ఎందుకురా? మా అక్క పోయిందిగని నా కాళ్లు పోలే" అన్నాడు పోచయ్య.

పదకొండు దాటాక ఫోన్ చేస్తే పోచయ్య నంబరు స్విచాఫ్ అని వచ్చింది. రవీందర్ లేచి నిలబడ్డాడు. "ఎక్కిండు! ఇగ గంటా పన్నెండు." ఈ లెక్క వాకిలి దాటి, టెంటు దాటి, గల్లీ చివరిదాకా పాకింది. ఆడవాళ్లు బుచ్చమ్మకు స్నానం చేయించాలని నీళ్లు కాచారు. మేదరివాళ్లు వెదురు తెచ్చి పాడె కట్టడం ముగించారు. అంతలో లింగంపల్లిలో ఇంకో చావింటివాళ్లు ఫ్రీజర్ బాక్సు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని, బుచ్చమ్మను ఉంచిన బాక్సు ఇచ్చేయొచ్చా అని బాక్సువాడు అడిగాడు.

"తీస్కపో. ఇగ మాకెందుకు?" అన్నాడు రవీందర్.

ఆకాష్ అడ్డుపడ్డాడు. "కాకా, బాక్సు ఉండనియ్యి. ఒకవేళ లేటైతె..."

"లేటెట్లైతదిరా? గంటా పన్నెండని నువ్వే చెప్తివి గదా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు. ఆకాష్ నేలచూపులు చూశాడు. ఇద్దరు మనుషులు బాక్సును ఆటోట్రాలీలోకి ఎక్కించారు. ఏప్రిల్ ఎండ టెంటు గుడ్డలోంచి దిగుతోంది. స్నానమయ్యాక అత్తగారింటి చీర చుట్టి, పసుపు రాసి, బుచ్చమ్మను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఇక ఆమెకు మిగిలింది ఆ నీడ, తలవైపు తిరుగుతున్న ఒక టేబుల్ ఫ్యాను.

నల్లగండ్ల మీదుగా రోజూ విమానాలు పోతూనే ఉంటాయి, ఎవరూ తలెత్తి చూసింది లేదు. ఆ రోజు మాత్రం మోత వినపడగానే వాకిలంతా లేచి నిలబడింది.

"అగో, వచ్చిండు!"

డప్పులవాళ్లకు పెద్ద అయిన స్వామి ఏ పనైనా ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి. అరుపు విన్నవెంటనే దరువు అందుకున్నాడు. డప్పు మోగేసరికి లోపలి ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ బయటికొచ్చారు. విమానం ఎటో వెళ్లిపోయింది. డప్పు ఆగింది, ఏడుపు కాసేపు అలాగే సాగి సన్నబడింది. పావుగంటకు ఇంకో విమానం వచ్చింది. మళ్లీ డప్పు, మళ్లీ ఏడుపు. నాలుగో విమానం దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లు శిక్షణకు నడిపే చిన్నది. "గిది చిన్నగుంది, ఒక్కడే పట్టేటట్టున్నది, మన పోచయ్యదే" అని ఎవరో తేల్చి చెప్పారు. అప్పటికి ఏడ్చేవాళ్ల గొంతులు పోయాయి, ఏడుపు రాలేదు. స్వామి దరువు మాత్రం తగ్గలేదు.

గంటా పన్నెండు నిమిషాలు దాటాయి. ఆకాష్ "శంషాబాద్ల జాగ లేదట, పైన్నే తిరుగుతుంది" అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. రోజూ గచ్చిబౌలి దాటి పోయి వచ్చేవాళ్లకు దారి మీద ఇరుక్కోవడం ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కర్లేదు.

"ఐతే పైలట్‌కు ఫోన్ చెయ్యి" అన్నాడు రవీందర్. "ఇక్కడ పీనుగ ఎండుతుందని చెప్పు. మీ కంపెనీ మనిషే గదా."

అరవైమంది మళ్లీ అతనివైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. టీమ్ లీడ్ ప్రియదర్శిని. ఆకాష్ నాలుగడుగులు పక్కకు వెళ్లి ఎత్తాడు.

"ఆకాష్ గారూ, సెలవులో ఉన్నారని తెలుసండి, ఏమీ అనుకోకండి. మీ వారణాసి పేజీకి పొద్దున్నుంచి తెగ హిట్లు వస్తున్నాయి. అన్నీ నల్లగండ్ల నుంచేనండి. ఎవరైనా కావాలని చేస్తున్నారా?"

ఆకాష్ వెనక్కి తిరిగి చూశాడు. టెంటు కింద కూర్చున్న ప్రతి చేతిలోనూ ఒక ఫోన్ ఉంది. అందరూ పేజీని కిందికి లాగి వదులుతున్నారు, లాగి వదులుతున్నారు. ఎన్నిసార్లు లాగినా అది గంటా పన్నెండు అనే చెబుతోంది.

"కాదు మేడమ్. మా చుట్టాలు."

"మేడమ్ అంటుండు" అని రవీందర్ పక్కవాళ్లకు గుసగుసగా చెప్పాడు. "పైలట్ ఆడమనిషట. అందుకే మెల్లగ నడుపుతున్నది."

ఆ మాట విని చాయ్ పళ్లెంతో వెళుతున్న మమత ఆగింది. "నడిపేటోళ్లనెందుకంటరు? గా చీర సంగతే అయితె నేను గదా..."

"వదినా, డప్పులోళ్లకు చాయ్ అందినట్టు లేదు" అన్నాడు రవీందర్. మమత స్వామి వైపు వెళ్లిపోయింది.

రెండున్నర ప్రాంతంలో లింగమూర్తి చాప దగ్గరికి వంగి చూసి, లేచి కొడుకును పక్కకు పిలిచాడు. ముఖం నల్లగా అయిపోయింది. "ఐసు గడ్డలు తేపోరా. అమ్మ తట్టుకునేటట్టు లేదు" అన్నాడు చిన్నగా. చనిపోయిన మనిషి గురించి ఆ మాట అనాల్సివచ్చినందుకు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆకాష్ బండి తీశాడు. ఫోన్ చార్జింగ్ అయిపోవడంతో ఇంట్లోనే వదిలాడు. దారిలో ఫ్లైఓవర్ కింద ఒక లారీ ఆగిపోయింది. ఐసు ఫ్యాక్టరీలో పెళ్లి వంటవాళ్లు ముందే వరసకట్టారు. ఒక గడ్డను గోనెసంచిలో చుట్టి బండి మీద పెట్టుకుని, కారే నీళ్లు ప్యాంటు తడుపుతుండగా అతను తిరిగొచ్చేసరికి నాలుగున్నర దాటింది.

వాకిలి పండగలా ఉంది.

"ఏడికి పోయినవురా? మీ తాత దిగిండు! ఎప్పుడో దిగిండు. టాక్సీ ఎక్కించి నేనే దారి చెప్తున్న. ఇగ వచ్చినట్టే" అని రవీందర్ ఫోన్ చూపించాడు. ఆకాష్ చేతిలోంచి గోనెసంచి జారింది.

స్పీకర్‌లోంచి పోచయ్య గొంతు, వెనక హారన్లు.

"రవీందరూ, అద్దాల బిల్డింగులే బిల్డింగులు! మస్తు పెంచిండ్రు రా ఊరును."

"మరేమనుకున్నవ్? చెరువు కనవడ్తుందా?"

"కనవడ్తుంది."

"గుర్రపుడెక్క నిండుగున్నదా?"

"నీళ్లే కనవడ్తలేవు."

"అదే! చెరువు పక్కన పెద్ద అపార్ట్‌మెంటుంటది."

"ఒకటేంది, పదున్నయి."

"గేటుకాడ వాచ్‌మెన్ ఉన్నడా?"

"ఉన్నడు. హిందీల తిడ్తుండు."

"ఆడనే, ఆడనే! తెలుగు మాట్లాడెటోడు ఎవడన్న కనవడ్తుండా?"

"ఒక్కడు లేడు."

"ఐతే మన సందు కాడికే వచ్చినవు" అని రవీందర్ స్వామికి సైగ చేశాడు. డప్పు మళ్లీ మొదలైంది.

ఆకాష్ ఫోన్ మీదికి వంగాడు. "తాతా, టాక్సాయనకు ఏం చెప్పినవ్?"

"నల్లగండ్ల అన్న. నల్లూరహళ్లియా అన్నడు. గిప్పటి పోరలకు నోరు తిరగదు గదా, ఔనన్న. నన్ను దించి పొయ్యిండు."

"ఎదురుంగ బోర్డు ఏమన్న ఉంటే జర చదువు."

"అక్షరాలు మనయే గని, పెయింటరు తాగి రాసిండు. తలకట్లు సాపుగ గుంజిండు." పోచయ్య రెండో తరగతి దాకా చదివాడు, ఆ చదువునంతా కూడగట్టుకున్నాడు. "బె... సున్న... గ... ళూ... రు. బెంగళూరు."

"బెంగళూరు బేకరీ అయ్యుంటది, మనకాడ సుత ఉన్నది. దాని పక్కసందే!" అన్నాడు రవీందర్.

"కాదు కాకా" అన్నాడు ఆకాష్. "తాత బెంగళూరుల ఉన్నడు."

స్వామి డప్పు మీద చెయ్యి ఆగింది.

ఆకాష్ తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాడు. నేరుగా వచ్చే విమానం నిండిపోయిందని, బెంగళూరులో దిగి ఇంకోటి ఎక్కాలని, ఆ సంగతి వాకిట్లో వాళ్లకు చెప్పలేదని, పోచయ్యకు కూడా చెప్పలేదని, ఆ రెండో విమానం ఎప్పుడో వెళ్లిపోయిందని. తనకు పైలట్లెవరూ తెలియదని, తానసలు విమానమే ఎక్కలేదని కూడా చెప్పాడు. ఎవరూ అడగకపోయినా చెప్పాడు. పొద్దటి నుంచి మోసిన బరువు దిగుతుందనుకున్నాడు, దిగలేదు.

"బెంగళూరు నుంచి ఎంతసేపు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ముప్పై రెండు..." అనబోయి ఆకాష్ నోరు మూసుకున్నాడు.

లింగమూర్తి కొడుకును కొడతాడని అందరూ అనుకున్నారు. ఆయన కొట్టలేదు. తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "బాక్సు సుత పంపిస్తిమి గదరా" అన్నాడు. ఆకాష్‌కు దెబ్బ తిన్నా బాగుండేదనిపించింది. నాయనమ్మకు ఇచ్చిన మాట ఒక్కటే ఒక్కటి. దాన్ని నిలబెట్టడానికి చేసిన ప్రతి పనీ ఆమెను ఇంకాస్త ఎండలోకి లాగింది.

పడమటి వైపు టవర్ల వెనక్కి పొద్దు జారుతోంది. పొద్దుగూకితే ఎత్తకూడదు. రేపటిదాకా ఉంచడానికి బాక్సు లేదు, ఊళ్లో ఇంకోటి ఖాళీ కూడా లేదు. "ఎత్తుదాం, ముసల్ది ఏమనుకోదు" అన్నారు సగంమంది. "తల్లిగారి చీర లేకుంటె ఎత్తరాదు. నేను ఎత్తనియ్య" అన్నాడు రవీందర్. పొద్దున్నుంచి గంటా పన్నెండు అని ఊరంతా చాటింది తానే కాబట్టి ఇప్పుడు ఆయనకు ఆచారం తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. మాటా మాటా పెరిగింది. బాలానగర్ నుంచి వచ్చిన ఇద్దరూ ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు, ఎందుకో వాళ్లకూ తెలియదు.

రవీందర్ చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. దాంట్లోంచి ఏడుపుతో బొంగురుపోయిన గొంతు వినపడింది.

"రవీందరూ. నా బిడ్డకు ఫోనియ్యి."

"ఏ బిడ్డకు?" అని అడిగాడు రవీందర్. నిజంగానే అడిగాడు.

"నాకెంతమందిరా బిడ్డలు? మమతకు! తల్లిగారిల్లు తల్లిగారిల్లని పొద్దటిసంది నన్ను కాశీ నుంచి బెంగళూరు దాంక గుంజితిరి. నా ఇంటి ఆడబిడ్డ ఆడనే ఉన్నది గదరా!"

అందరి తలలూ వంటింటి వైపు తిరిగాయి. గడప దగ్గర మమత చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎన్నోసారి పెట్టిన చాయో ఆమెకే తెలియదు.

రవీందర్ ఊరుకోలేదు. "అదెట్ల మామా? వదినె ఇంటిపేరు మాదైపాయె. ఆమె మా ఇంటి మనిషి. తల్లిగారామె ఎట్లైతది?"

"మా అక్క ఇంటిపేరు సుత మీదై అరవై ఏండ్లాయె" అన్నాడు పోచయ్య. "మరి ఆమెకు తల్లిగారి చీర ఎందుకురా అడుగుతున్నవు?"



మమత నడిచివచ్చి పళ్లెం రవీందర్ చేతుల్లో పెట్టి, ఫోన్ తీసుకుంది. "నాయినా, పోయిన బతుకమ్మకు నువ్వు పెట్టిన చీర ఇంక మడత సుత విప్పలే."

"అది గప్పు బిడ్డా. నా చెయ్యి అనుకొని గప్పు."

లింగమూర్తి భార్యవైపు చూశాడు. "పొద్దటిసంది ఎందుకు చెప్పలేదే?"

"రెండుసార్లు చెప్పవోయిన. చాయ్ అడిగిండ్రు" అంది మమత.

లోపలికి వెళ్లి చీర తెచ్చింది. ఆకుపచ్చ అంచున్న పసుపు చీర. చాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మడతలు విప్పి, బుచ్చమ్మకు గడ్డం దాకా కప్పి, కొసలు రెండువైపులా సర్దింది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈ ముసలమ్మకు తలదువ్వింది, అన్నం కలిపి పెట్టింది, తిట్లు పడింది, తిరిగి తిట్టింది. చిన్నప్పుడు ఆమె ఒళ్లోనే పెరిగింది. పొద్దున్నుంచి ఏడవడానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు "మేనత్తా" అని ఒక్క పిలుపు పిలిచి, ఆ చీర మీద తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది. నాలుగో విమానానికే గొంతులు పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఆ ఏడుపు చూశాక మళ్లీ గొంతులు వచ్చాయి.

పాడె లేచింది. స్వామి దరువు అందుకున్నాడు. రవీందర్ చాయ్ పళ్లెంతో అలాగే నిలబడి ఉండగా మనుషులు ఆయన పక్కనుంచి తప్పుకుంటూ వెళ్లారు. ఫోన్ పెట్టేయొద్దని పోచయ్య బతిమాలాడు. ఆకాష్ దాన్ని డప్పు వైపు పట్టుకుని పాడె వెనక నడిచాడు. అవతల పోచయ్య కూడా ఆ దరువుకు అడుగేస్తూ, చంకలో కాశీ చీరతో, తనకు తెలియని ఊళ్లో తెలియని చెరువు గట్టు వెంట నడుస్తున్నాడు. ఆయన ఆయాసం స్పీకర్‌లో వినపడుతోంది. "జర మెల్లగ నడువు తాతా" అంటూ ఆకాష్ దారంతా ఏడుస్తూనే ఉన్నాడు.

వెయ్యి ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి రావాల్సిన తల్లిగారిల్లు, వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేసరికే పొద్దుగూకే వేళయింది.